సముద్రానికి వీపు తిప్పి

ఈ సెప్టెంబరు 27న ప్రపంచ పర్యాటక దినం. ఆ సందర్భంగా కాసేపు రేడియోలో మాట్లాడమన్నారు. విశాఖపట్నంలో ఉండేవాణ్ణి కాబట్టి బీచి గురించి చెబుతానని అనుకునే పిలిచి ఉంటారు. బీచి గురించి కొత్తగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదండీ. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచి రోడ్డులో బండి పెట్టుకోడానికి జాగా దొరికితే ఆ వారానికి అదే విశేషం. మురీ మిక్చరు, కాల్చిన పొత్తు, ఫొటో. అక్కణ్ణుంచి రుషికొండ, రుషికొండ నుంచి భీమిలి, దారి పొడుగునా ఇదే వరస. సముద్రం తప్పేం లేదు. అది ఏడాది పొడుగునా, రాత్రీ పగలూ అక్కడే ఉంటుంది. ఎప్పుడు వెళ్ళినా ఉంటుంది కాబట్టి ఎప్పుడు వెళ్ళాలన్న ప్రశ్నే మనకు రాదు.

ఆ ప్రశ్న నాకు నేర్పింది శ్రీకాకుళం జిల్లాలో ఒక ముసలమ్మ. పేరు చెప్పను. రేడియోలో పేరొస్తే వాళ్ళ ఊళ్ళో నన్ను బతకనివ్వదు.

కొన్నేళ్ళ కిందట, మే నెలలో, మా బావమరిది కారు కొన్న కొత్తలో, బీచి కాకుండా ఇంకెక్కడికైనా పోదామని బయల్దేరాం. టెక్కలి దగ్గర తేలినీలాపురం అనే ఊరికి పక్షులు వస్తాయనీ, చెట్ల నిండా గూళ్ళు కడతాయనీ ఎక్కడో చదివాను. ఫోనులో దారి చూసుకుంటూ వెళ్ళాం. ఊరు వచ్చింది. పక్షుల బొమ్మలతో బోర్డు వచ్చింది. చింతచెట్లు వచ్చాయి. కొమ్మల్లో పుల్లల గూళ్ళు ఉన్నాయి, ఖాళీగా. కింద నేలంతా సున్నం చల్లినట్టు రెట్ట మరకలు. పిట్టన్నది లేదు. మధ్యాహ్నం పన్నెండు, తలమీద ఎండ, కారులో మా ఆవిడ మొహం నేను చూడలేదు.

ఒక చెట్టు పక్కింటి అరుగు మీద ఒక ముసలమ్మ కూర్చుని చింతపండు కొడుతోంది. రాయి మీద కాయ పెట్టి, చిన్న సుత్తితో టకటకా కొట్టి, పిక్క తీసి ఇటు పడేస్తోంది, పండు అటు. తలెత్తకుండానే అడిగింది.

"ఏ ఊరు బాబూ?"

"విశాఖపట్నం, మామ్మా. పిట్టల్ని చూద్దామని వచ్చాం."

సుత్తి ఆగింది. నవ్వు మొదలైంది. "వైశాకంలో పిట్టలేటి బాబూ! పిల్లలికి రెక్కలొచ్చినాయి, ఎల్లిపోనాయి. ఆడపిల్ల పుట్టింటికి ఎప్పుడొస్తాదో కనుక్కోకుండా సూడ్డానికి వచ్చీసేరేటి?"

తర్వాత కుండలో నీళ్ళిచ్చింది. కూకోమంది. ఎంతమంది పిల్లలని అడిగింది, ఏం చదువుతున్నారని అడిగింది, అటేపు వానలు పడ్డాయా అని అడిగింది. మేం చూడ్డానికి వెళ్ళాం కదా, పావుగంటలో ఊరే వచ్చి మమ్మల్ని చూసిపోయింది. బీచిలో వెయ్యిమంది మధ్య ఎవరూ మనల్ని ఏ ఊరని అడగరు. ఇక్కడ ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా వీధి దాటలేం.

మాటకు మాటగా నేనూ ఒకటి అడిగాను, ఈ చింతపండు ఈ చెట్టుదేనా అని. "ఇదెక్కడ కాస్తాది? పిట్టల రెట్టకి ఆకే మాడిపోద్ది. ఇది సంతలో కొన్నది" అంది. ఇంటి ముందు అంత చింతచెట్టు పెట్టుకుని సంతలో చింతపండు కొనుక్కునే మనిషిని నేను అదే మొదటిసారి చూడటం. కొట్టించెయ్యలేదేం మామ్మా అని నోటిదాకా వచ్చింది గానీ, ఆవిడ చేతిలో సుత్తి ఉంది.

వచ్చేస్తుంటే మనవణ్ణి పిలిచింది. "వీళ్ళ నంబరు సెల్లులో ఎక్కించరా. పిట్టలొస్తే సెప్పుదాం."

సెప్టెంబరులో ఒక ఆదివారం సాయంత్రం ఫోను మోగింది. నేను సరిగ్గా బీచి రోడ్డులో, కదలని బండ్ల మధ్య ఉన్నాను. "అంకుల్, మామ్మ చెప్పమంది. పిట్టలు దిగాయి." ఎన్ని అని అడిగాను. "నాలుగు." మర్నాడే బయల్దేరతానన్నాను. వెనక నుంచి ఆవిడ గొంతు నాకే వినపడేటట్టు, "ఇప్పుడొద్దని సెప్పు. ఇవి జాగా సూసుకోడానికొచ్చినవి. దీపావళి ఎల్లినాక రమ్మను" అంటోంది. అద్దె ఇల్లు చూసుకోడానికి వచ్చిన వాళ్ళ దగ్గరికి చుట్టపుచూపుగా వెళ్ళకూడదన్నమాట.

డిసెంబరులో వెళ్ళాను. ఈసారి కారు లేదు, బావమరిదీ లేడు. రాత్రి టెక్కలిలో పడుకుని, తెల్లవారుజామున ఆటో మాట్లాడుకున్నాను. పొగమంచు. ఊరు కనపడకముందే వాసన వచ్చింది, పచ్చిచేపల వాసన. ఆ తర్వాత చప్పుడు. ఇది రేడియో కాబట్టి చప్పుడు గురించే కాస్త ఎక్కువ చెబుతాను. అంత పెద్ద పక్షి, నాలుగు నుంచి ఆరు కిలోల బరువు, రెక్కలు చాపితే మంచానికంటే వెడల్పు, దానికి గొంతు లేనట్టే. పెద్దవి గూడు దగ్గర బుసకొట్టడం, గుర్రుమనడం, ముక్కులు టపటపలాడించడం తప్ప కూత పెట్టవు. గోలంతా పిల్లలది. ఊళ్ళోని చెట్లన్నిటి మీదా ఒకేసారి, ఆకలి, ఆకలి అని. బడి వదిలిన వేళ ఏ వీధిలోనైనా వినపడే గోల అది. మబ్బు లేని రోజు పైనుంచి ఒక పక్షి దిగుతుంటే రెక్కల గాలి చప్పుడు కూడా వినిపిస్తుంది, ఎవరో తడి పంచె దులిపినట్టు.

ముసలమ్మ అరుగు మీద నుంచే ఒక గూడు చూపించింది. తల్లి వచ్చి వాలింది. పిల్ల ఆగలేదు, తల్లి ముక్కు కింద సంచిలోకి తల దూర్చేసింది. తలే కాదు, మెడంతా. లోపల చేపకోసం కుమ్ముతుంటే ఆ సంచి బయటికి ఎగిసెగిసి పడుతోంది. తల్లి కళ్ళు మూసుకుని నిలబడింది. చూడ్డానికి భయం వేసింది నాకు, తల్లిని మింగేస్తుందేమోనని. ముసలమ్మ మాత్రం "పాలు కుడిసే దూడ పొదుగు కుమ్మదా?" అంది.

ఈ పక్షిని తెలుగులో గూడబాతు అంటారు. ఎవరు పెట్టారో ఆ పేరు. చెరువులోంచి గూడ వేసి చేలకు నీళ్ళు తోడటం చూసినవాళ్ళకు ఇది వేటాడే తీరు చూస్తే వేరే వివరణ అక్కర్లేదు. సంచితో నీళ్ళను చేపలతో సహా ఎత్తుతుంది, నీళ్ళు వదిలేస్తుంది, చేప మింగుతుంది. దీంతోపాటు ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి, ఒకే చెట్టు మీద వాటా పంచుకుంటాయి. చలికాలం అంతా ఉండి, పిల్లల రెక్కలు గట్టిపడ్డాక ఎండలు ముదిరేలోపు వెళ్ళిపోతాయి.

ఇక్కడో చిన్న పేచీ. ఎక్కడ చూసినా వీటిని సైబీరియా పక్షులంటారు. ఊళ్ళోనూ అదే మాట, పేపర్లలోనూ అదే మాట. గూడబాతుకు సైబీరియాతో ఏ చుట్టరికమూ లేదు. మన నేలపట్టులో, కొల్లేటి ఆటపాకలో, గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూళ్ళు కట్టేవి ఈ జాతివే. నీళ్ళూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి తిరుగుతూ బతికే మన దేశపు పక్షి. శ్రీలంకలో, కంబోడియాలో కూడా ఉంది. మంచులోంచి వచ్చిందంటేనే గాని మనం గౌరవించం కాబోలు. అమెరికా నుంచి వచ్చిన అల్లుడికీ అమలాపురం నుంచి వచ్చిన అల్లుడికీ వడ్డించే తేడా ఉంటుంది చూడండి, అలాంటిదే ఇదీ. ముసలమ్మకు ఈ సంగతి చెప్పాను. "ఎక్కడివైతేనేటి, మా సెట్టు మీద పుట్టినాయి, మా పిల్లలే" అంది. నా పేచీ అక్కడితో ముగిసింది.

అన్నీ ముచ్చట్లే కావు. 2021 డిసెంబరు ఆఖరులో ఈ ఊళ్ళోనే గూడబాతులు వందకు పైగా చచ్చిపోయాయి. చేపల ద్వారా కడుపులోకి చేరిన నులిపురుగులు కారణమని అనుమానించారు. అంతకుముందు 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. పక్షులు మేతకు పోయేది నౌపడ ఉప్పుటేళ్ళకీ చిత్తడి నేలలకీ. అటుపక్కనే ఇప్పుడు మూలపేట ఓడరేవు కడుతున్నారు. గూళ్ళున్న చెట్టును ఊరు కాపాడుకోగలదు, కాపాడుకుంటోంది. మేత మేసే నీళ్ళు ఊరి చేతిలో లేవు.

నౌపడ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. రైలు దిగితే ఉప్పు మడులు కనిపిస్తాయి. ఎండకాలం వెళ్ళినవాళ్ళు నల్లకళ్ళద్దాలు తీసుకెళ్ళండి, ఆ తెలుపును కళ్ళు ఓర్చుకోలేవు. పర్లాకిమిడి రాజా వేయించిన బుల్లి రైలు 1900లో బయల్దేరింది ఈ నౌపడ నుంచే. ఇప్పుడది పెద్ద లైనయింది, గుణుపురం దాకా పోతుంది. కిటికీ పక్కన చోటు దొరికితే, ఏ స్టేషనులోనూ దిగకపోయినా ఆ ప్రయాణమొక్కటే చాలు.

ఇటు శ్రీకాకుళం వేపు వస్తే పొందూరు. ఖద్దరు అనగానే అందరికీ తెలిసిన పేరు, గాంధీగారు మెచ్చుకున్న బట్ట. దుకాణంలో కొనుక్కుని వెనక్కి తిరిగేవాళ్ళే ఎక్కువ. ఒక్క వీధి లోపలికి వెళ్ళి, వడికే ఆడవాళ్ళ పక్కన గంట కూర్చోండి. అక్కడ పత్తి శుభ్రం చేసే పనిముట్టు ఏమిటో తెలుసునా? వాలుగ చేప దవడ. చిన్నచిన్న పళ్ళు వరసగా, ఒత్తుగా ఉంటాయి దానికి. ఎండిన ఆ దవడ ఎముకతో ఒక్కొక్క పత్తిగింజ చుట్టూ ఉన్న పోగును దువ్వుతారు, పిల్లకు తల దువ్వినట్టు. నలకలు, పొట్టి పోగులు రాలిపోతాయి. ఇనప దువ్వెన ఎందుకు వాడరంటే, పోగు తెగుతుందట. ఆ తర్వాత చెక్కపలక మీద పెట్టి ఇనపకడ్డీ దొర్లిస్తే గింజ ఇవతలికి దూకుతుంది. ఆ తర్వాత వింటితో ఏకుతారు. నారి మీటినప్పుడల్లా టంగుమని ఒక మోత, దూది మబ్బులా లేచి పడుతుంది. అందులోంచి ఏకులు చేసి, ఎండిన అరటి పట్టలో చుట్టి పెడతారు, దుమ్ము తగలకుండా, చేతి చెమట అంటకుండా. ఏకు మేకయిందని సామెత వాడతామే, ఆ ఏకును చేత్తో పట్టుకోవడం నాకు అదే మొదలు. పట్టుకున్నట్టే తెలియలేదు.

నూరో నంబరు నూలు అంటారు. లెక్క అడిగాను, ఇంటికొచ్చి వేసుకున్నాను. ఒక పౌను దూదిలో, అంటే అరకిలోకి కాస్త తక్కువలో, 84 వేల గజాల దారం రావాలి. అది 75 కిలోమీటర్ల పైమాటే. పొందూరు నుంచి విజయనగరం దాకా పరిచినా ఇంకా మిగులుతుంది. అంతా ఒక ఆడమనిషి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి రావాలి. నేను పక్కన కూర్చుని ఏదో అడుగుతూనే ఉన్నాను. ఆవిడ జవాబు చెప్పలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. కదురు నిండి, రాట్నం ఆగాక, నావేపు తిరిగి, "ఇప్పుడడగండి" అంది. అప్పటికి నేను అడగాల్సింది మర్చిపోయాను.

వడికేవాళ్ళలో పడుచుపిల్లలు తక్కువగా కనిపించారు. రోజంతా వడికితే వచ్చే కూలి ఎంతో విన్నాక, ఎందుకు తక్కువని అడగడానికి నాకు నోరు రాలేదు. షాపులో పంచె ధర చూసి ఎక్కువనుకునేవాళ్ళు ఈ వీధిలోంచి ఒకసారి నడిచి వెళ్ళి అప్పుడు బేరమాడండి.

మొన్న ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకున్నాం కదా. అది గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు. ఆయన పుట్టింది 1863లో, ఈ జిల్లాలోనే, వంశధార ఒడ్డున శ్రీముఖలింగం పక్కనున్న పర్వతాలపేటలో. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగానే ఆయన్ని తలుచుకుంటాం. నాకైతే ఆయన మన ప్రాంతపు మొదటి మంచి బాటసారి. పర్లాకిమిడిలో బడిపంతులు ఉద్యోగం చేసుకుంటూ, సవర గూడేలకు వెళ్ళి, వాళ్ళ మాట నేర్చుకుని, వాళ్ళ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశాడు. కొండల్లో జ్వరాలు పట్టుకుని, క్వినైను మింగి మింగి చెవుడు వచ్చింది. వినడానికి వెళ్ళిన మనిషికి చెవులు పోయాయి. అయినా వెళ్ళడం మానలేదు. ముఖలింగం శాసనాలు చదివి, కళింగ గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని వాదించాడు. 1919లో శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను వెలుగులోకి తెచ్చిందీ ఆయనే.

శాలిహుండానికి సాయంకాలం వెళ్ళండి. పెద్ద కొండ కాదు. ఇటుకలతో గుండ్రంగా కట్టిన స్తూపాల పునాదులు, మెట్లు, ఒక చిన్న మ్యూజియం. పై నుంచి చూస్తే వంశధార వెడల్పుగా, తీరిగ్గా సముద్రంవేపు పోతుంటుంది. నది సముద్రంలో కలిసేచోట కళింగపట్నం బీచి. సెలవురోజున అక్కడ జనం ఉంటారు. అదే సెలవురోజున ఈ కొండ మీద నాకు కనిపించింది మేకలు కాసుకునే ఒక కుర్రాడు, వాడి మేకలు. వాడూ నన్ను ఏ ఊరనే అడిగాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు కొన్ని మాటలు. నీతులు కావివి, దెబ్బతిని తెలుసుకున్నవి. ఈ ఊళ్ళలో హోటళ్ళు లేవు. టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో తిని బయల్దేరండి. ఎవరైనా చోడి అంబలి ఇస్తే మొహమాటపడకుండా పుచ్చుకోండి. డబ్బు చేతిలో పెట్టబోకండి, ఒకసారి నేను పెట్టబోయి చివాట్లు తిన్నాను. తోటలోనో సంతలోనో వాళ్ళు అమ్ముకునేది కొనుక్కోవచ్చు. పుష్యమాసంలో అయితే తేగలు, బుర్రగుంజు; మందస వేపు వెళితే కోవా. ఆడవాళ్ళు మరుగుదొడ్డి సంగతి ముందే చూసుకోవాలి, మన పర్యాటక శాఖ బోర్డుల మీద పెట్టిన శ్రద్ధ దీనిమీద పెట్టలేదు. గూళ్ళున్న చెట్ల కింద చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపి ఫొటో తీసేవాళ్ళను నేను చూశాను. తల్లి బెదిరి లేస్తే గూట్లో పిల్ల ఎండకు మాడిపోతుంది, కాకి ఎత్తుకుపోతుంది. నా ఎదురుగా ఒకాయన పైకి డ్రోను వదిలాడు. ముసలమ్మ అరుగు దిగి వచ్చింది. ఆవిడ ఏమందో రేడియోలో చెప్పే వీల్లేదు.

ఇంకో సంగతి. ఇప్పుడు వెళ్ళగలిగిన ఊరు ఒకటి ఉంది. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి. అక్కడికి వచ్చేవి నత్తగుల్ల కొంగలు. ముక్కు పై దవడకూ కింది దవడకూ మధ్య సందు ఉంటుంది, నోరు మూసినా మూసుకోనట్టు, చేలల్లో నత్తల్ని తినడానికి. ఇవి వానలతో పాటు వచ్చి, వరికోతల వేళకు వెళ్ళిపోతాయి. అందుకే ఇవి వచ్చాయంటే వాన వచ్చినట్టే అని రైతుల లెక్క. తేలినీలాపురానికీ దీనికీ తేడా కిలోమీటర్లలో కాదు, కాలంలో. ఒకరింట్లో చుట్టాలు సామాను సర్దుకుంటుంటే ఇంకొకరింట్లో దిగుతుంటారు.

తేలినీలాపురానికి మాత్రం ఇంకా టైముంది. భాద్రపదం వచ్చింది, నిన్న టెక్కలి వేపు మంచి వాన పడిందని పేపర్లో చూశాను. ఫోను చేసిన ఆ మనవడు ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు, ఊళ్ళో ఉండటం లేదు. ముసలమ్మకు ఫోను చేయడం రాదు. అయినా రాత్రిళ్ళు ఫోను పక్కన పెట్టుకునే పడుకుంటున్నాను. ఈ ఏడాది కబురు ఇంకా రాలేదు.